లాకుల వీధి, పొద్దున్న ఏడూ ఇరవై

మున్సిపాలిటీ వాళ్ళు క్యాలెండర్ వేస్తారట,
అప్పటి ఊరొకటి, ఇప్పటి ఊరొకటి, పక్కపక్కన.
అప్పటిది మా స్టూడియో గోడకే ఉంది.
చెదలు ఒక మూల తినేసి
ఆకాశం కాస్త తగ్గింది, అంతే.

వెనకాల చిట్టబ్బాయి గారి పెన్సిలు రాత:
"లాకుల వీధి. 12 ఆగస్టు 67.
పొద్దున్న ఏడూ ఇరవై. మబ్బు."
ఆగస్టంటే ధవళేశ్వరం నుంచి ఎర్రనీరు దిగే రోజులు.
బొమ్మలో మాత్రం కాలవ డికాషన్‌లా నల్లగా ఉంది.

ఆయన చీకటిగదిలో పదమూడేళ్ళు
తొట్లలో నీళ్ళు మార్చినవాణ్ణి నేను.
ఆయన నిలబడ్డ చోటు నాకు దొరక్కపోతుందా!
లాకుల మీద ఒకడుగు ముందుకి, రెండు వెనక్కి,
రైసుమిల్లు గొట్టం రేవు మెట్ల నెత్తిన నిలబడాలి.
మిల్లు లేదు.
గొట్టం ఉండాల్సిన చోటే, పాపం,
సెల్ టవరు ఒకటి దాని బదులు హాజరు పలికింది.

అందులో
తెరచాప దించుకున్న ధాన్యం పడవ,
తాడు భుజానేసుకుని గట్టెమ్మట వంగిన ఇద్దరు,
సైకిలాపి లెన్సులోకే చూస్తున్న పోస్టుమాన్,
వానకి తడిసిన పెంకులు, పెంకులు, పెంకులు.

ఇందులో
కాలవ కనపడదు. గుర్రపుడెక్క.
ఊదాపూల మీద కొంగ
నేలే అనుకుని నడుచుకుంటూ పోతోంది.
రొయ్యల మేత లారీ, దాని వెనక ఐసు కారుతూ ఇంకోటి,
ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ మూడంతస్తుల నిలువునా,
గట్టు మీదే వరసగా మంచినీళ్ళ టిన్నులు.
కాలవొడ్డున కూర్చుని నీళ్ళు కొనుక్కుంటున్న ఊరు.

క్యాలెండర్‌కి ఇంతకన్నా ఏం కావాలి?
"అయ్యో" అనుకున్నాను.
ఆ అయ్యో నోట్లో కాస్త తియ్యగానే ఉంది.

"ఏటి తీత్తన్నావు బాబూ?"
సువార్తమ్మ. రొయ్యల షెడ్డులో తలలు వొలిచి వొలిచి
వేళ్ళ కొసలు తెల్లబడిన మనిషి.
మనవరాలు స్కూటీ మీద దింపి వెళ్ళింది, బీపీ మాత్రల కోసం.
పాత బొమ్మ చేతికిచ్చాను.
దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి,
"ఈ తాడు లాగేవోడు మా చినబాబు. మొకం రాలేదు" అంది.
ఇంకా వెతుకుతోంది.
"మా పేటేదీ?"

"ఉండాల కదా! ఈయన ఈపెనకాలే మేం.
నాకప్పుడు పద్నాలుగో పదిహేనో.
మడం దగ్గర బిందెలతో నిలబడ్డాం, ఏటో తీత్తన్నాడని.
తప్పుకోండే, నీడ పడతంది అన్నాడు.
తప్పుకున్నాం."

బొమ్మ తిప్పి మళ్ళీ చదివాను.
మబ్బు.

ఆయన మీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకాలేదు.
అన్నం పెట్టినవాడు. ఫ్రేము కట్టడం నేర్పినవాడు.
"బాలేనిది అంచవతల వదిలెయ్యరా" అనేవాడు.
ముప్పై ఏళ్ళుగా నేనూ వదిలేస్తూనే ఉన్నాను.

"నీళ్ళు మాత్రం అప్పటియ్యే నీళ్ళు,"
టిన్నుల వంక చూస్తూ తనలో తనే అంది.
"బెల్లం కలిపినట్టుండేయి.
ముంచుకోడానికి మాత్రం దిగువ రేవుకి పొమ్మనేవోళ్ళు.
ఇప్పుడు ఎవరైనా ఇరవై ఇచ్చి కొనుక్కోవాల్సిందే.
నేనిచ్చినా ఇత్తాడు."
నవ్విందో, దగ్గిందో తెలియలేదు.

"ఇటేపు తిరిగి ఒకటి తియ్యి. నేనూ, పేటా."

గట్టు దిగాం. ఎదురుగా
నీలం రంగు చర్చి, సగం డాబాలు, సగం రేకులు,
పిల్లల్ని కుక్కుకుంటున్న కాన్వెంటు ఆటో,
ఎవరిదో మేకపిల్ల, మూత లేని కాలువ.
ఆవిడ కొంగు సర్దుకుని బిగుసుకుంది.
ఎండొచ్చింది.
నా నీడ పొడుగ్గా పోయి ఆవిడ మొహం మీద పడింది.

తప్పుకున్నాను.
ఒక కాలు వెనక గుర్రపుడెక్కలోకి మోకాలి దాకా దిగిపోయింది.
కింద నీళ్ళున్నాయి.
చల్లగా, నడుస్తున్నాయి.